వైన్స్ షాపులో వైన్ అడిగితే... నాసిక్ రెడ్ వైన్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

#1 ఉప్పుగాలి (ఎంవీపీ కాలనీ)
ఆదివారం, రాత్రి 9:12

ఫిబ్రవరిలో షిర్డీ వెళ్లొచ్చాం. మా ఆవిడ, పిల్లాడు, అత్తగారు, నేను. దర్శనం అయ్యాక ఒక రోజు మిగిలింది. ఇంత దూరం వచ్చాం కదా అని నాసిక్, త్ర్యంబకేశ్వరం కూడా పెట్టుకున్నాం. తిరిగొస్తుంటే డ్రైవర్ "ద్రాక్ష తోట చూస్తారా సార్?" అన్నాడు. గంగాపూర్ డ్యామ్ దగ్గర సూలా అనే వైన్ కంపెనీ వాళ్ల తోట. తోటంటే చూడాల్సిందే అని అత్తగారే ముందు దిగారు. ఏం తోటో ఆవిడకి గేటు దాటాక తెలిసింది.

కాయ చూసి ఆశ్చర్యపోయాం. పెద్ద బఠాణీ గింజంత ఉంది, అంతే. నల్లగా, గుత్తి నిండా దగ్గర దగ్గరగా. చూపించే కుర్రాడు ఒకటి కోసిస్తే అత్తగారు నోట్లో వేసుకుని, "తియ్యగానే ఉంది గాని గింజా తొక్కే ఎక్కువ. మన రైతుబజార్లో పెడితే ఒక్కరూ కొనరు" అన్నారు. తర్వాత నేను, మా ఆవిడ టేస్టింగ్‌లో కూర్చున్నాం. తెల్లవి బాగున్నాయి. ఎర్రది తాగితే నాలుక ఎండిపోయినట్టయింది. కాని రెండో గుటకకి ఏదో నచ్చింది. అదేంటో ఇప్పటికీ చెప్పలేను.

అసలు కథ ఇక్కడికి వచ్చాక. మొన్న మా సెంటర్లో వైన్స్‌కి వెళ్లి "రెడ్ వైన్ ఉందా" అన్నాను. కౌంటర్లో కుర్రాడు, "వైన్ అంటే ఏ బ్రాండ్ సార్? క్వార్టరా, హాఫా?" బోర్డు మీద ఇంత పెద్ద అక్షరాలతో వైన్స్ అని రాసుంది! చివరికి కింది అరలోంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి తీశాడు. మధ్యాహ్నం ఎండ తిన్నగా దాని మీదే పడుతోంది.

నా డౌట్లు మూడు. ఎండ మండిపోయే ఆ ప్రాంతంలో ఈ వైన్ వ్యాపారం ఎలా నిలబడింది? మన అరకులో ఎందుకు చెయ్యరు? ఆ రెడ్ మన తిండితో తాగేదేనా?

#2 గాజువాక మావ
ఆదివారం, రాత్రి 9:30

వైన్స్‌లో వైన్ అడిగిన మొదటి మనిషివి నువ్వే గురూ. మిలిటరీ హోటల్‌కి వెళ్లి మిలిటరీ ఏదీ అని అడిగినట్టుంది.

#3 పందిరి కింద
ఆదివారం, రాత్రి 11:05

సొంతూరు అనకాపల్లి దగ్గర. పదకొండేళ్లుగా నాసిక్ జిల్లాలో ఉంటున్నాను, ద్రాక్ష తోటలకి మందులు, ఎరువులు అమ్మే ఉద్యోగం. తాగడం కంటే తోటల గురించే నాకు ఎక్కువ తెలుసు. మొదటి డౌట్ నేను తీసుకుంటా.

నాసిక్‌లో ద్రాక్ష పాతదే, వైనే కొత్త. ఇక్కడి రైతు బతుకంతా తినే ద్రాక్ష మీదే నడిచింది, ఇప్పటికీ ఎక్కువ ఎకరాలు దానివే. మన దేశంలో ఈ కాలపు వైన్ మొదలైంది రెండు చోట్ల. పుణె జిల్లా నారాయణగావ్‌లో షాంరావ్ చౌగులే 1980లలో పెట్టిన ఇండేజ్ ఒకటి. బుడగల వైన్ చేసి విదేశాలకి కూడా పంపారు. రెండోది బెంగళూరు పక్కన నంది హిల్స్‌లో కన్వల్ గ్రోవర్ 1988లో పెట్టిన గ్రోవర్. వాళ్లకి బోర్డో నుంచి మిషెల్ రోలాండ్ సలహాదారుగా వచ్చాడు. రెడ్ వైన్ ప్రపంచంలో చాలా పెద్ద పేరు.

సూలా రాజీవ్ సామంత్ కథ అందరూ చెప్పేదే. కాలిఫోర్నియాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలి నాసిక్‌లో ఇంటి భూమికి వచ్చాడు. మామిడి కూడా వేసి చూశాడు. 1997లో వైన్ ద్రాక్ష నాటాడు, 2000లో మొదటి సీసాలు బయటికొచ్చాయి. గమనించండి, మొదలుపెట్టింది తెల్లవాటితోనే: షెనాన్ బ్లాన్, సోవిన్యాన్ బ్లాన్. వేడి ప్రాంతంలో తెల్లది కుదిర్చినంత తేలిగ్గా ఎర్రది కుదరదు. ఎందుకో విడిగా రాస్తా.

అందరూ మర్చిపోయేది 2001. మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ పాలసీ తెచ్చి, రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసిన వైన్‌కి ఎక్సైజ్ సుంకం తీసేసింది. నాసిక్ జిల్లా వించూర్‌లో వైన్ పార్కు పెట్టారు. దాంతో ఊరికొకడు వైనరీ అన్నాడు. రైతులు థాంప్సన్ (గింజ లేని తినే ద్రాక్ష) పీకి షిరాజ్, కాబర్నే అనే ఎర్ర వైన్ రకాలు వేశారు. 2008లో ప్రపంచమంతా మాంద్యం, నవంబర్లో ముంబై దాడులు. హోటళ్లు ఖాళీ. ట్యాంకుల్లో వైన్ ఉండిపోయింది, కాయ కొనేవాడు లేడు. 2009 నవంబర్లో ఫ్యాన్ తుపాను వానలు ఒకటి. కాబర్నే పీకి మళ్లీ థాంప్సన్ వేసుకున్నామని చెప్పే రైతులు నా కస్టమర్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట నవ్వుతూనే చెప్తారు గాని, కొత్తగా వైన్ ద్రాక్ష వెయ్యమంటే ముందు అగ్రిమెంట్ కాగితం చూపించమంటారు.

ఆ దెబ్బకి చాలా చిన్నవి పోయాయి, ఇండేజ్ కూడా పోయింది. గ్రోవర్ 2012లో నాసిక్ వాళ్లతో కలిసి గ్రోవర్ జంపా అయింది. సూలా 2022 డిసెంబర్లో షేర్ మార్కెట్‌కి ఎక్కింది. దేశంలో తయారయ్యే వైన్ వ్యాపారంలో సగానికి పైగా వాళ్లదే.

#4 మధురవాడ మేష్టారు
సోమవారం, ఉదయం 6:48

చాలా బాగా చెప్పారు పందిరి కింద గారూ. చిన్న సందేహం. మా చిన్నప్పుడు ద్రాక్ష అంటే హైదరాబాద్ ద్రాక్షే. అనాబ్-ఎ-షాహి. ఇంత పొడుగు కాయ, లోపల గింజ, నములుతుంటే రసం గడ్డం మీదికి కారేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్ వెళ్తే ఊరి చుట్టూ పందిళ్లు కనిపించేవి. ఇప్పుడు ఆ పందిళ్ల చోట అపార్టుమెంట్లు. అంత ద్రాక్ష పండిన చోట వైన్ ఎందుకు పుట్టలేదు?

#5 పందిరి కింద
సోమవారం, మధ్యాహ్నం 1:20

మేష్టారూ, తినే ద్రాక్షతో వైన్ చెయ్యడమంటే బంగినపల్లి మామిడితో ఆవకాయ పెట్టినట్టు. చెయ్యొచ్చు, ఎవరూ వద్దనరు, కాని అది దాని పని కాదు.

తినే కాయ పెద్దగా ఉండాలి, తొక్క పల్చగా ఉండాలి, నీళ్లుండాలి. వైన్ కాయకి అన్నీ తలకిందులు. చిన్న కాయ, మందం తొక్క, గింజ, తీపి ఎక్కువ. వైన్ కాయ కోసేటప్పుడు రసంలో చక్కెర 22 నుంచి 24 బ్రిక్స్ (అంటే నూటికి అన్ని పాళ్లు) దాకా రానిస్తారు. తినే కాయ 16, 18 దగ్గరే కోసేస్తారు. ఆ చక్కెరే ఈస్టు తిని ఆల్కహాల్ అవుతుంది. 23 బ్రిక్స్ ఉంటే సుమారు 13 శాతం వస్తుంది. అందుకే ఉప్పుగాలి గారి అత్తగారు చెప్పింది అక్షరాలా నిజం. తియ్యగా ఉంటుంది, రైతుబజార్లో పోదు.

ఇంకో తేడా. తినే ద్రాక్ష ఎకరానికి పది టన్నులు తీసేవాళ్లున్నారు. మంచి రెడ్ కావాలంటే అందులో సగం కూడా తీగ మీద ఉంచకూడదు. పచ్చి గుత్తులు కోసి కింద పారేస్తారు. మొదటిసారి చూసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది.

రెండు కత్తిరింపుల సంగతి కూడా చెప్పాలి. ఫ్రాన్స్‌లో చలికి తీగ ఆకులన్నీ రాల్చి నిద్రపోతుంది. వసంతంలో లేచి, సెప్టెంబరు, అక్టోబరుల్లో కాయ ఇస్తుంది. మన వేడికి తీగకి నిద్రే పట్టదు. వదిలేస్తే ఏడాది పొడుగునా ఆకులు వేస్తూ కూర్చుంటుంది. కాబట్టి కోత అయ్యాక ఏప్రిల్‌లో ఒకసారి కత్తిరిస్తారు, అది కొమ్మ కోసం. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్లీ కత్తిరిస్తారు, అది కాయ కోసం. కత్తిరించాక మొగ్గలన్నీ ఒకేసారి పగలాలని హైడ్రోజన్ సైనమైడ్ అనే మందు పూస్తారు. కాయ చలికాలంలో ముదిరి జనవరి నుంచి మార్చి లోపల కోతకొస్తుంది. వాళ్లు కోసే నెలలో మనం కత్తెర పడతాం.

నాసిక్ సముద్రానికి 600 మీటర్ల ఎత్తు. జనవరి రాత్రుళ్లు పది డిగ్రీలకి, ఒక్కోసారి అంతకంటే కిందికి పడుతుంది, పగలు ఎండ కాస్తుంది. ఆ తేడా వల్లే కాయలో పులుపు మిగులుతుంది. పులుపు లేని వైన్ చప్పిడి రసమే.

#6 ఝాన్సీ_సిరిపురం
సోమవారం, మధ్యాహ్నం 2:02

మరి ఎర్రది కష్టం అన్నారు, అది చెప్పకుండా వదిలేశారు.

#7 పందిరి కింద
సోమవారం, రాత్రి 10:15

మధ్యలో డీలర్ ఫోన్ వచ్చిందండీ.

నల్ల ద్రాక్ష పిండినా రసం దాదాపు రంగు లేకుండానే ఉంటుంది. రంగంతా తొక్కలో. తెల్ల వైన్‌కి ముందే పిండి తొక్క పక్కన పెడతారు, రసాన్ని చల్లటి ట్యాంకులో పులియబెడతారు. ఎర్రదానికి తొక్క, గింజ, రసం అన్నీ కలిపి ఊరాలి. రంగు, వగరు అప్పుడే దిగుతాయి. గ్యాస్ పుట్టి తొక్కలన్నీ పైకి తేలి అట్ట కడతాయి. మొదటిసారి ఆ అట్టని కర్రతో కిందికి తొక్కే పని నాకిచ్చారు, సరదాగా. మెత్తగా ఉంటుందనుకున్నా. తడిసిన గోనె మూటలా ఉంది. కర్ర దిగదు, దిగితే రాదు. ఒక్కసారిగా విరిగి కిందనుంచి వేడి, పుల్లటి ఆవిరి ముఖానికి కొట్టింది. రోజుకి రెండు మూడుసార్లు అలా చెయ్యాలి, లేకపోతే మోటారుతో కింది రసం తోడి పైన పొయ్యాలి. లేదంటే పైన ఎండిన తొక్క వెనిగర్ అయిపోతుంది.

ఇప్పుడు కష్టం ఎక్కడంటే, మన ఎండకి కాయలో చక్కెర గబగబా వచ్చేస్తుంది. తొక్కలో, గింజలో వగరు మాత్రం ముదరడానికి టైం పడుతుంది. చక్కెర చూసి కోస్తే వైన్‌లో పచ్చి మిరపకాయ చీల్చినట్టు వాసన. వగరు ముదిరేదాకా ఆగితే పులుపు పోయి ఆల్కహాల్ పెరిగిపోతుంది. అప్పుడు టార్టారిక్ యాసిడ్ కలుపుకోవాలి. మొదట్లో మన రెడ్లని తిట్టినవాళ్లు తిట్టింది ఈ పచ్చి వాసన గురించే. ఏ తోటలో ఏ రకం వెయ్యాలి, ఆకు ఎంత తీసెయ్యాలి, ఏ వారం కొయ్యాలి, ఇవి నేర్చుకోడానికే ఇరవై ఏళ్లు పట్టింది. షిరాజ్ బాగా అలవాటు పడింది. కాబర్నే కొన్ని చోట్ల. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి వాళ్లు ఇటలీ రకం సాంజియోవేజే నాటారు. ఫ్రాటెల్లి అంటే వాళ్ల భాషలో అన్నదమ్ములు.

#8 ఝాన్సీ_సిరిపురం
సోమవారం, రాత్రి 10:40

ఇది అచ్చం ఆవకాయ! మూడో రోజు జాడీ తెరిచి తిరగ కలపకపోతే పైన తేలిన ముక్కకి బూజు పడుతుంది. మా అమ్మమ్మకి ఫ్రాన్స్‌లో ఉద్యోగం వచ్చేది.

#9 గాజువాక మావ
సోమవారం, రాత్రి 10:44

ఉప్పుగాలి గురూ, నీకు నాలుక ఎండిపోయినట్టు అనిపించింది అదే. వగరు. పలాస వైపు జీడిమామిడి పండు తిన్నావా ఎప్పుడైనా? గొంతు పట్టేస్తుంది చూడు. రెడ్ వైన్ అంటే అది సగం, నేరేడు పండు సగం. ఇంగ్లీషులో ఏవేవో పేర్లు చెప్తారు గాని మనకి మాట ఎప్పటినుంచో ఉంది.

#10 ఘాట్ రోడ్ (పాడేరు)
మంగళవారం, ఉదయం 8:10

అరకు డౌట్ నాకొదిలేయండి. మాది కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగ పాకిస్తాం కాబట్టి తీగంటే మాకు భయం లేదు. టూరిస్టులు ప్రతి సీజన్లో అడుగుతారు, ఇంత చలి ఉంది కదా, ద్రాక్ష వెయ్యరేంటి అని. లంబసింగిలో స్ట్రాబెర్రీ వేశారు కదా అంటారు.

చలి ఉంది, ఎత్తు ఉంది. అరకు 900 మీటర్ల పైనే. కాని వాన సంగతి? పందిరి కింద గారు చెప్పిన లెక్క ప్రకారం అక్టోబర్లో కత్తిరిస్తే లేత చిగురు, పూత గుత్తి వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. మనకి తుపాన్లు వచ్చేది సరిగ్గా అప్పుడే. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ ఎవరైనా మర్చిపోయారా? మీకు బీచ్ రోడ్డు పోయింది, మాకు సిల్వర్ ఓక్‌లు వరసగా పడిపోయి కింద కాఫీ మొక్కలు నలిగిపోయాయి. తుపాను లేకపోయినా పొద్దున్న పది దాకా మంచు. ఆకు తడి ఆరదు. ద్రాక్షకి బూజు తెగులు రావడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాఫీకి ఆ తడి కావాలి, నీడ కావాలి. ద్రాక్షకి రెండూ పడవు. అరకు కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, అది చాలు మాకు. ఇక మత్తు సంగతంటారా, జీలుగు కల్లు, ఇప్పసారా ఉండనే ఉన్నాయి. బయటివాళ్లు వచ్చి నేర్పక్కర్లేదు.

#11 పందిరి కింద
మంగళవారం, ఉదయం 9:25

నూటికి నూరు శాతం కరెక్ట్. నాసిక్‌లో కూడా అక్టోబర్ వాన పడితే నా ఫోన్ ఆగకుండా మోగుతుంది. బూజు తెగులుకి, బూడిద తెగులుకి మందు కొట్టించడమే నా సీజన్. ఇక్కడ అది అప్పుడప్పుడూ వచ్చే కష్టం. అక్కడ ప్రతి ఏడూ గ్యారంటీ.

ఆంధ్రలో వైన్ అంటూ వస్తే సీమలో రావాలి. అనంతపురం వైపు వాన తక్కువ, ద్రాక్ష పండించిన అలవాటుంది. నంది హిల్స్ తోటల నుంచి హిందూపురం పెద్ద దూరం కాదు. మధ్యలో రాష్ట్రం గీత ఒక్కటే. కర్ణాటక 2007లోనే వైన్ పాలసీ పెట్టుకుని, విడిగా వైన్ బోర్డు కూడా పెట్టుకుంది.

ఇంకోటి, చాలామందికి తెలీదు. హంపి వైపు కొండల్లో క్రస్మా అని ఒక తోట ఉంది, కాబర్నేకి మంచి పేరు. పెట్టింది తెలుగువాళ్లే. గ్రాన్యూల్స్ కంపెనీ చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ.

#12 గాజువాక మావ
మంగళవారం, ఉదయం 9:31

మందుల కంపెనీ వాళ్లు మందు కూడా చేస్తున్నారన్నమాట. భాష తెలుగైనందుకు ఇదొక లాభం.

#13 నిద్రపట్టనివాడు
మంగళవారం, రాత్రి 11:50

అందరూ మురిసిపోతున్నారు, నేనొక్కడినే అడ్డం పడుతున్నా. తిట్టుకోండి పర్లేదు.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్ట్ పని చేసేవాడు. రోజూ క్వార్టర్. యాభై రెండేళ్లకి లివర్ పోయింది. ఆఖరి మూడు నెలలు కేజీహెచ్ వార్డులో ఆయన పక్కన కింద పడుకున్నది నేనే. నాకు వైన్, విస్కీ అని తేడా లేదు. రెడ్ వైన్ గుండెకి మంచిదని పెళ్లిళ్లలో డాక్టర్లే చెప్తుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది చదవండి: ఆల్కహాల్‌కి సురక్షితమైన మోతాదు అంటూ లేదు. వైన్‌కి మినహాయింపు ఇవ్వలేదు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే, 1995లో ఎన్టీఆర్ మద్యం మొత్తం బంద్ చేశారు. 1997లో మళ్లీ తెరిచారు. ఇప్పుడు ద్రాక్ష తోట, టూరిజం, రైతు లాభం అని కొత్త పేర్లు పెట్టి మళ్లీ అదే ఇంట్లోకి వస్తోంది.

#14 ఉప్పుగాలి
బుధవారం, ఉదయం 7:05

తిట్టుకోవడం ఎందుకండీ. మీ నాన్నగారి గురించి చదివాక రాత్రి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. గుండెకి మంచిదని నేనూ నమ్మను, ఆ సాకు నాకు అక్కర్లేదు. నెలకి ఒకసారి ఒక గ్లాసు, అది కూడా ఎందుకు బాగుందో తెలుసుకుందామని. అంతకు మించి సమర్థించుకోను.

#15 బీచ్‌రోడ్ అక్క
బుధవారం, ఉదయం 10:18

నిద్రపట్టనివాడు తమ్ముడూ, నీ కోపం నాకర్థమైంది. నేను వేరే కోణం చెప్తా.

నాసిక్ టేస్టింగ్ రూముల్లో ఆడవాళ్లు కూర్చుంటారు, పిల్లల్ని తెచ్చుకుంటారు, మామగారు ఉంటారు. ఒక గ్లాసు పట్టుకుని గంట కూర్చుంటారు. సూలా వాళ్లు 2005లోనే ఆ గది తెరిచారు. వైన్ వ్యాపారం పెరగడానికి ద్రాక్ష ఎంత కారణమో ఆ గది అంత కారణం అని నా నమ్మకం. మన దగ్గర చూడండి. 2019 నుంచి ప్రభుత్వ షాపులు, 2024 అక్టోబర్ నుంచి మళ్లీ ప్రైవేటు. ఎవరి చేతిలో ఉన్నా ఇనుప కటకటాలు, ముందు గుంపు, కింద గ్లాసులు, నంజుకునే పొట్లాలు. నేనొకసారి క్రిస్మస్ కేకులోకి వైన్ కోసం వెళ్లా. కౌంటర్ దాకా వెళ్లేలోపు పద్నాలుగు మంది తల తిప్పి చూశారు, లెక్కపెట్టా. ఒకాయన "అమ్మా, దారి ఇవ్వండ్రా" అని అరిచాడు. మర్యాదే, కాని ఆ మర్యాదకి మళ్లీ వెళ్లలేదు.

మహారాష్ట్రలోనూ అంతా సాఫీగా లేదులెండి. 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మనిద్దామని క్యాబినెట్ నిర్ణయించింది. అన్నా హజారే నిరాహార దీక్ష అన్నారు, ప్రతిపక్షం లేచింది. ఆ నిర్ణయం అమల్లోకి రాలేదు.

#16 నిర్వాహకుడు
బుధవారం, ఉదయం 10:55

వేరే రాష్ట్రం నుంచి సీసాలు ఎలా తెచ్చుకోవాలని ఇద్దరు అడిగారు, ఆ పోస్టులు తీసేశాను. ఆ సలహాలు ఇక్కడ వద్దు. ఇంట్లో వైన్ తయారీ కొలతలు కూడా వద్దు. మిగతా చర్చ కానివ్వండి.

#17 వాల్తేరు పాత కాపు
బుధవారం, సాయంత్రం 4:33

కొలతలు చెప్పను బాబూ, పేలుడు మాత్రం చెప్తాను.

మా నాన్న రైల్వే. వాల్తేరు రైల్వే కాలనీలో పక్క క్వార్టర్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. ఆ ఇంటి ఆంటీ నవంబర్ రాగానే నల్ల ద్రాక్ష తెచ్చి కడిగి జాడీలో వేసేవారు. మూతికి పల్చటి గుడ్డ కట్టేవారు. క్రిస్మస్‌కి చిన్న చిన్న గ్లాసుల్లో అందరికీ ఇచ్చేవారు, పిల్లలకి చెంచాడు. తియ్యగా, దాల్చిన చెక్క వాసనతో ఉండేది. నాసిక్‌లో ఉప్పుగాలి తాగినదానికి దీనికి చుట్టరికం కూడా లేదు.

ఒక ఏడాది మా అమ్మ చూసి నేర్చుకుని మా ఇంట్లో కూడా వేసింది. అమ్మకి గుడ్డ మీద నమ్మకం లేదు. చీమలు పడతాయని గాజు సీసాలో పోసి బిరడా బిగించి, పైన మైనం కూడా పెట్టి వంటింటి అటక ఎక్కించింది. పదో రోజు రాత్రి రెండింటికి ఢామ్మని శబ్దం. పోర్టులో ఏదో పేలిందనుకుని నాన్న వీధిలోకి పరిగెత్తారు. తిరిగొచ్చి చూస్తే వంటింటి గోడ మీద ఊదా రంగు, పచ్చడి జాడీలో గాజు పెంకులు, అమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. పులిసేటప్పుడు గ్యాస్ బయటికి పోవాలని ఆంటీ గుడ్డ కట్టేవారని అప్పుడు తెలిసింది. ఆ మరక మీద మూడుసార్లు సున్నం వేసినా వానాకాలం రాగానే మళ్లీ తేలేది.

#18 మధురవాడ మేష్టారు
బుధవారం, సాయంత్రం 5:10

ఆయుర్వేదం షాపులో ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం కొంటున్నాం కదా. అవీ పులియబెట్టినవే. ధాతకీ పువ్వులు వేసి పులియనిస్తారు, ఆల్కహాల్ దానంతటదే పుడుతుంది. అది మా నాన్నమ్మ రెండు చెంచాలు వేసుకుని, వైన్ తాగేవాళ్లని తిట్టేది.

#19 ఝాన్సీ_సిరిపురం
గురువారం, మధ్యాహ్నం 12:40

మూడో డౌట్‌కి వద్దాం, తిండి. నేను ఒక హోటల్లో ఎఫ్ అండ్ బీలో (తిండి, డ్రింకుల విభాగం) ఆరేళ్లు చేశా. అనుభవం మీద చెప్తున్నా.

వంజరం వేపుడుతో రెడ్ తాగకండి. నోట్లో ఇనుప చెంచా నాకినట్టు ఉంటుంది. రెడ్ వైన్‌లో ఇనుము ఉంటుంది, చేప నూనెతో కలిస్తే ఆ రుచి పుడుతుంది. చేపల పులుసుతో కూడా వద్దు. కారానికి వగరు, ఆల్కహాల్ తోడైతే మంట రెట్టింపు అవుతుంది. మన తీర ప్రాంతం తిండికి నిజం చెప్పాలంటే చల్లటి షెనాన్ బ్లానే అచ్చొస్తుంది. రెడ్డే కావాలంటే మాంసం వైపు వెళ్లండి. కారం తగ్గించిన వేట మాంసం వేపుడు, బొంగులో చికెన్. బొంగు కాలిన వాసనకి షిరాజ్‌లో మిరియాల ఘాటు భలే కుదురుతుంది. గోంగూర మాంసంతో నేను మూడుసార్లు ప్రయత్నించా. మూడుసార్లూ గోంగూరే గెలిచింది.

ఇక ఆ ఎండలో నిలబడ్డ సీసా కొనొద్దు. వేడికి వైన్ ఉడికినట్టయిపోతుంది, ఎండు ద్రాక్ష వాసన వస్తుంది. రెడ్‌ని గది వేడిలో తాగాలి అంటారు, ఆ గది ఐరోపాలోది. 16, 18 డిగ్రీలు. మే నెల విశాఖ గది కాదు. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. బిరడా ఉన్న సీసా పడుకోబెట్టాలి, బిరడా ఎండకూడదు. మర మూత అయితే ఎలా పెట్టినా పర్లేదు, మన వాటికి ఎక్కువ అవే. తెరిచాక ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు.

#20 స్టీల్ సిటీ కుర్రోడు
గురువారం, రాత్రి 8:15

అదే డబ్బుకి ఫారిన్‌ది రాదా?

#21 ఝాన్సీ_సిరిపురం
గురువారం, రాత్రి 8:50

చాలాకాలం దిగుమతి వైన్ మీద కేంద్రం సుంకమే 150 శాతం. దాని మీద రాష్ట్రం పన్నులు వేరే. ఆ గోడ చాటునే నాసిక్ పెరిగింది, అది ఒప్పుకోవాలి. 2022 డిసెంబర్లో ఆస్ట్రేలియాతో ఒప్పందం అమల్లోకి వచ్చి, ఒక ధర దాటిన వాళ్ల సీసాలకి మెట్లు మెట్లుగా తగ్గిస్తున్నారు. షిరాజ్‌లో వాళ్లు ఆరితేరినవాళ్లు. ఆ సుంకం బాగా తగ్గాక ఇక్కడివాళ్లకి అసలు పరీక్ష. అంతదాకా తక్కువ ధర ఫారిన్ సీసా కంటే అదే ధరకి ఇక్కడి మంచి రిజర్వ్ (మేలు రకం సీసా) కొనడమే నయం. పన్నుకి పోయే డబ్బు కాయకి పోతుంది.

#22 పందిరి కింద
గురువారం, రాత్రి 9:30

కాయకి పోతే సంతోషమే. 750 మిల్లీ సీసాకి కాయ కిలో పైన కొంచెం పడుతుంది. రైతుకి ముట్టేది ఆ కిలో ధరే, సీసా మీద ధర కాదు. మీరు షాపులో ఇచ్చే నోట్లలో ఎన్ని తోట దాకా వస్తాయో ఆలోచించుకోండి. ఇక్కడ కోత అయిపోయింది, రేపటి నుంచి ఏప్రిల్ కత్తిరింపులు. కొన్నాళ్లు కనపడను.

#23 ఉప్పుగాలి
ఆదివారం, రాత్రి 10:05

రిపోర్ట్. నిన్న మళ్లీ అదే వైన్స్‌కి వెళ్లా. ఎండలో నిలబడిన ఆ పాత సీసా వద్దన్నాను, ఎందుకు వద్దో కూడా చెప్పాను. కుర్రాడు ఓపిగ్గా విన్నాడు. కొత్త స్టాకులో ఒక నాసిక్ షిరాజ్ వచ్చిందని బీరు ఫ్రిజ్ తెరిచాడు. అడుగున, బీరు సీసాల కింద, దాన్ని పడుకోబెట్టి ఉంచాడు. "మొన్న మీరు అడిగారు కదా, గూగుల్లో చూశా సార్, పడుకోబెట్టాలంట" అన్నాడు. మర మూతే, నిలబెట్టినా పోయేదేం లేదు. ఆ మాట చెప్పలేదు.

ఇంటికొచ్చి అరగంట బయట పెట్టి తెరిచాం, బీరు ఫ్రిజ్ చల్లదనం మరీ ఎక్కువ కదా. కారం తగ్గించిన నాటుకోడి వేపుడు. మొదటి గుటక మళ్లీ అదే వగరు. ముక్క తిని మళ్లీ తాగితే వగరు ఎక్కడికి పోయిందో తెలీదు, నేరేడు మిగిలింది, చివర్లో మిరియం. మా ఆవిడ సగం గ్లాసు దగ్గర ఆపేసింది, తెల్లదే నయం అంది. అత్తగారు వాసన చూసి, "ఆ రోజు తిన్న కాయ వాసనే లేదేంటి ఇందులో" అన్నారు. నిజమే, లేదు. ఎందుకు లేదో పందిరి కింద గారు కత్తిరింపులు అయ్యాక చెప్పాలి.

#24 గాజువాక మావ
ఆదివారం, రాత్రి 10:11

అదంతా సరే గురూ. ఆ కుర్రాడున్న షాపు ఎక్కడో చెప్పు.